కళ్లజోడా, రోజువారీ లెన్సా, నెల లెన్సా: పిల్లలకు ఏది మేలు?

పిల్లలకు కాంటాక్ట్ లెన్సులు ఏ వయసులో పెట్టించవచ్చన్న ప్రశ్నకు ఒక అంకె చెప్పి ఊరుకోలేం. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలూ లెన్సు పెట్టుకోవడం, తీసుకోవడం చక్కగా నేర్చుకుంటారు. టీనేజీ పిల్లలకంటే నేర్పడానికి ఓ పావుగంట ఎక్కువ పడుతుంది, అంతే. పదహారేళ్లొచ్చినా మాసిన చేతులతో కళ్లు నులుముకునేవాళ్లూ ఉంటారు.

అందుకే ముందు ఇంట్లో రెండు వారాలు గమనించండి. మీ బిడ్డ కళ్లజోడు తనే తుడుచుకుని డబ్బాలో పెట్టుకుంటోందా? చెప్పకుండానే సబ్బుతో చేతులు కడుగుతోందా? గోళ్లు పెరగకుండా చూసుకుంటోందా? రాత్రి ఫోను చూస్తూ అలాగే నిద్రపోతోందా? చివరి ప్రశ్నకు జవాబు అవునైతే లెన్సు మాట కొన్నాళ్లు ఆపండి. లెన్సుతో నిద్రపోతే కార్నియాకు (నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొరకు) ఆక్సిజన్ చాలదు, ఇన్ఫెక్షన్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. లెన్సు కావాలన్న కోరిక కూడా పిల్లలదే అయివుండాలి.

కళ్లజోడుతో ఇన్ఫెక్షన్ భయం లేదు. పాలీకార్బొనేట్ అద్దాలైతే దెబ్బ తగిలినా సులువుగా పగలవు. తక్కువ పవరుకు ఇదే హాయి. ఇబ్బందల్లా ఆటల్లో, ఎక్కువ పవరులో, రెండు కళ్ల పవరుకూ బాగా తేడా ఉన్నప్పుడు. ఒక కన్ను మైనస్ 1, రెండోది మైనస్ 6 అయితే అద్దాల్లోంచి రెండు బొమ్మలూ వేర్వేరు సైజుల్లో కనిపించి తల తిరుగుతుంది. అక్కడ లెన్సు నిజంగా మేలు. అయితే కళ్లజోడు చీటీతోనే లెన్సు కొనకండి. అద్దంలో మైనస్ 6 ఉన్న కంటికి లెన్సులో సుమారు మైనస్ 5.50 చాలు, పైగా కంటి వంపు కొలవాలి.

లెన్సు పెడితే పవరు పెరగదని కొందరు ఆశపడతారు. మామూలు లెన్సు పెరుగుదలను ఆపదు. దాన్ని నెమ్మదింపజేయడానికి చేసిన లెన్సులు వేరు. వాటిలో మిసైట్ అనే రోజువారీ (ఒక్కరోజు వాడి పారేసే) లెన్సును 8 నుంచి 12 ఏళ్ల మధ్య మొదలుపెట్టే పిల్లలకు అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో అనుమతించింది.

లెన్సే అనుకుంటే మొదటిసారి రోజువారీదే తీసుకోండి. నెలకు 60 లెన్సులు, ఖర్చు ఎక్కువే. కానీ లెన్సు దాచే డబ్బీ కడిగే పని లేదు, శుభ్రం చేసే లోషన్ లేదు, చిరిగితే పారేసి కొత్తది పెట్టుకోవచ్చు. డబ్బు మిగులుతుందని దాన్ని నానబెట్టి మర్నాడు వాడటమే పెద్ద తప్పు. వారంలో రెండు రోజులు బ్యాడ్మింటన్‌కే అయితే లెక్కలో ఇదే చౌక పడొచ్చు, ఎందుకంటే నెల లెన్సు ప్యాకెట్ తెరిచిన రోజు నుంచి నెల తిరిగేసరికి పారేయాల్సిందే, పదిసార్లే పెట్టుకున్నా సరే.

నెల లెన్సుకు ప్రతి రాత్రీ పని ఉంటుంది. లెన్సును అరచేతిలో పెట్టి లోషన్ పోసి రెండు వైపులా వేలితో రుద్దాలి, మళ్లీ లోషన్‌తోనే కడగాలి, డబ్బీలో కొత్త లోషన్ పోయాలి. పాతదాని మీద కొత్తది కలిపితే క్రిములను చంపే శక్తి తగ్గిపోతుంది. పొద్దున డబ్బీని లోషన్‌తో తొలిచి బోర్లించి ఆరబెట్టాలి, మూడు నెలలకోసారి మార్చాలి. అలసిపోయిన రాత్రి పిల్లలు మొదట మానేసేది ఈ రుద్దడమే. ఇంటర్ హాస్టల్‌కి వెళ్లే పిల్లలకు, అర్ధరాత్రి దాకా చదువులూ ఉమ్మడి కుళాయిలూ ఉన్నచోట, నెల లెన్సు వద్దనే మా సలహా.

ఏ లెన్సుకైనా నీళ్లు శత్రువు. కుళాయి నీళ్లలో ఉండే అకంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను తినేస్తుంది, దానికి నెలల తరబడి వైద్యం కావాలి. తలంటుకు ముందు, ఈతకు ముందు, హోలీ రోజున లెన్సు తీసేయాలి. వేసవిలో కళ్ల దురదలుండే పిల్లలకు ముందు అలర్జీ తగ్గించాలి. కళ్లజోడు మాత్రం బడి సంచీలో ఎప్పుడూ ఉండాలి.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే లెన్సు తీసి, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తగ్గినట్టే కనిపించి లోపల పుండు ముదురుతుంది, కంట్లో పువ్వు మిగిలిపోతుంది. తీసిన లెన్సునూ డబ్బీనీ పారేయకుండా వెంట తీసుకెళ్లండి. ఏ క్రిమో తేల్చడానికి ల్యాబుకు అవి పనికొస్తాయి.