మెడికేర్: రెండు రూపాల్లోనూ వాడి చూశాక

అమెరికాలో మెడికేర్ అంటే 65 ఏళ్లు నిండినవారి బీమా అని మాత్రమే మనవాళ్లలో చాలామందికి తెలుసు. 1965లో వృద్ధుల కోసం చట్టమైన ఈ పథకాన్ని 1972 నాటి సవరణ వికలాంగులకూ, మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారికీ విస్తరించింది. సోషల్ సెక్యూరిటీ నుంచి వైకల్య భృతి 24 నెలలు అందుకున్నవారికి వయసుతో నిమిత్తం లేకుండా కార్డు వస్తుంది. పక్షవాతంతో ఉద్యోగం వదులుకున్న మా వారు ఆ దారిలోనూ, 65 నిండాక నేను మామూలు దారిలోనూ ఇందులో చేరాం. ప్రైవేటు కంపెనీ నడిపే అడ్వాంటేజ్ ప్లాన్‌నూ, ప్రభుత్వమే నేరుగా చెల్లించే అసలు మెడికేర్‌నూ ఏళ్ల తరబడి వాడిన మీదట చెబుతున్నాను: కాపాడుకోవలసింది ఈ రెండోదాన్నే.

నిజానికి మా వారికి మొదట్లో ఎంచుకునే వీలే లేకపోయింది. అసలు మెడికేర్‌లో డాక్టరు ఫీజులు, పరీక్షల వంటి పార్ట్-బి ఖర్చుల్లో డిడక్టబుల్ (ముందుగా మనమే పెట్టుకోవలసిన మొత్తం) పోగా 80 శాతం ప్రభుత్వం ఇస్తుంది. మిగిలిన 20 శాతం మనదే, దానికి గరిష్ఠ పరిమితి అంటూ లేదు. ఆ లోటు పూడ్చే మెడిగ్యాప్ పాలసీని, 65 నిండి పార్ట్-బి మొదలైన నాటి నుంచి ఆరు నెలల వరకు, ఏ జబ్బు ఉన్నా కాదనకుండా కంపెనీలు అమ్మి తీరాలి. 65 లోపు వికలాంగులకు మాత్రం ఫెడరల్ చట్టం ఆ హామీ ఇవ్వదు, రాష్ట్రాల దయకు వదిలేసింది. జబ్బుతో ఉన్నవారికే రక్షణ తక్కువగా ఉండటం ఈ పథకంలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచిన అంశం. మా రాష్ట్రంలో ఆ వయసుకు పాలసీ దొరకక ఆయన అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరారు.

రోజువారీ అవసరాలకు అది బాగానే పనిచేసింది. కళ్లజోడు, పళ్ల శుభ్రత వంటివి అసలు మెడికేర్ ఇవ్వదు, ఇది ఇచ్చింది. తుంటి ఎముక విరిగి, శస్త్రచికిత్స తర్వాత ఆయన నర్సింగ్ కేంద్రంలో ఫిజియోథెరపీ తీసుకుంటున్నప్పుడు దాని అసలు స్వభావం తెలిసింది. మంచం పక్కన నిలబడటానికి ఇద్దరి సాయం అవసరమైన రోజుల్లోనే, ఎల్లుండితో సేవలు ముగుస్తాయనీ, అభ్యంతరముంటే మర్నాడు మధ్యాహ్నం 12 గంటల్లోగా ఫోన్ చేయాలనీ ఒక కాగితం చేతిలో పెట్టి సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకం కాగితం అందినట్టుగానే తప్ప, మనం ఒప్పుకున్నట్టు కాదు. ఈ సంగతి ప్రతి కుటుంబానికీ తెలియాలి. మర్నాడు ఉదయమే ఫోన్ చేశాను. ఆ తర్వాత ప్లాన్ పంపిన వివరణలో, రోగిలో మెరుగుదల ఆగిపోయిందని కారణం రాశారు.

అది చెల్లని కారణం. 2013లో కోర్టు ఆమోదం పొందిన జిమ్మో వర్సెస్ సెబీలియస్ కేసు ఒప్పందం ప్రకారం, ఉన్న స్థితి దిగజారకుండా నిలబెట్టడానికి నిపుణుల సేవ అవసరమైతే, మెరుగుదల లేదన్న ఒక్క కారణంతో మెడికేర్ దాన్ని నిరాకరించకూడదు. ఈ నియమం అడ్వాంటేజ్ ప్లాన్లకూ వర్తిస్తుంది. థెరపిస్టు లేకుండా కదిలిస్తే కీళ్లు బిగుసుకుపోయే ప్రమాదముందని డాక్టరు చేత నాలుగు వాక్యాలు రాయించి, ప్లాన్‌తో సంబంధం లేని సమీక్షా సంస్థకు పంపాను. తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది, చికిత్స కొనసాగింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2018 నివేదిక ప్రకారం, 2014-16 మధ్య అడ్వాంటేజ్ ప్లాన్ల నిరాకరణల్లో సుమారు 1 శాతానికే అప్పీళ్లు వచ్చాయి, వచ్చినవాటిలో దాదాపు 75 శాతంలో ప్లాన్లు తమ నిర్ణయాన్ని మార్చుకున్నాయి. తక్కిన 99 శాతంలో ఎందరు చేతిదాకా వచ్చిన హక్కును తెలియక వదులుకున్నారో అని నేటికీ బాధపడతాను.

మా వారికి 65 నిండగానే ఆ ఆరు నెలల అవకాశం దక్కింది. ఇద్దరం అసలు మెడికేర్‌తో పాటు మెడిగ్యాప్, మందుల కోసం పార్ట్-డి తీసుకున్నాం. ఖర్చు ఎక్కువే. పార్ట్-బి ప్రీమియం ఒక్కటే 2025లో మనిషికి నెలకు 185 డాలర్లు, 2026లో 202.90 డాలర్లయింది. బదులుగా, మెడికేర్ తీసుకునే ఏ డాక్టరు దగ్గరికైనా, ఏ రాష్ట్రంలోనైనా, ఎవరి అనుమతీ రెఫరలూ లేకుండా వెళ్లగలుగుతున్నాం. 2022 చట్టం పుణ్యమా అని ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు దాటడం లేదు. పార్ట్-డి మందులకు చేతినుంచి పెట్టే ఖర్చుకు 2025లో 2,000 డాలర్ల పరిమితి వచ్చింది.

మెడికేర్‌లో లేనిది దీర్ఘకాలపు సంరక్షణ. స్నానం, బట్టలు, భోజనం దగ్గర రోజూ కావలసిన సాయానికి డబ్బిచ్చేది మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారి కోసం ఫెడరల్ ప్రభుత్వమూ రాష్ట్రాలూ కలిసి నడిపే పథకం. నర్సింగ్ హోమ్ సేవ అందులో రాష్ట్రాలకు తప్పనిసరి. ఇంటి దగ్గర అందే సేవల్లో చాలావరకు ఐచ్ఛికం. అందుకే 2025 జులై 4న సంతకమైన చట్టం పదేళ్లలో మెడికెయిడ్‌పై ఫెడరల్ వ్యయాన్ని 90,000 కోట్ల డాలర్లకు పైగా తగ్గిస్తుందన్న అంచనా చదివినప్పుడు, ముందుగా కోత పడేది ఇంటి సేవలకేనని నాకు భయం వేసింది. ఇంట్లో ఉండవలసిన మనిషిని సాయం లేక నర్సింగ్ హోమ్‌కు పంపడం ఆయనకూ నష్టమే, ఖజానాకూ భారమే. మా వారికి మంజూరైన సాయపు గంటలెన్నో, అవి తగ్గితే ఏ పని ఆగిపోతుందో వివరంగా రాసి మా కాంగ్రెస్ ప్రతినిధికీ, రాష్ట్ర శాసనసభ్యుడికీ పంపాను.

కొత్తగా చేరేవారు ఏజెంటు మాట కన్నా ముందు, ప్రతి రాష్ట్రంలోనూ ఉచితంగా సలహా ఇచ్చే షిప్ (రాష్ట్ర ఆరోగ్య బీమా సహాయ కార్యక్రమం) కౌన్సెలర్‌ను కలవండి. అడ్వాంటేజ్ నుంచి అసలు మెడికేర్‌కు అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 మధ్య మారవచ్చు; కానీ ఆరు నెలల గడువు దాటాక చాలా రాష్ట్రాల్లో మెడిగ్యాప్ కంపెనీ మీ జబ్బులు చూసి కాదనగలదు కాబట్టి, పాలసీ ఇస్తామన్న మాట రాతపూర్వకంగా వచ్చేదాకా పాత ప్లాన్ వదలకండి.