పీహెచ్‌పీ మాన్యువల్: అంతా బాగుంది, టైపుల పేర్లు తప్ప

వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీకి మాన్యువల్ ఇది, చాలా ఏళ్లుగా పని మధ్యలో రోజూ తెరిచే డాక్యుమెంటేషన్. ఉదాహరణలు బాగుంటాయి, ఏ వెర్షన్‌లో ఏం మారిందో చాలా ఫంక్షన్ల పేజీల్లోనే పట్టిక వేసి చెబుతారు. ఇంత శ్రద్ధ ఉన్నచోట టైపుల పేర్లు (విలువ ఏ రకమో చెప్పే పేర్లు) ఇన్నాళ్లు అలా ఎందుకు వదిలేశారా అని బాధేస్తుంది.

పూర్ణసంఖ్యని ఒక పేజీలో ఇంట్ అనేవారు, ఇంకో పేజీలో ఇంటీజర్. ట్రూ, ఫాల్స్ విలువలకి వాడే బూల్, బూలియన్ సంగతీ అంతే. 2015లో పీహెచ్‌పీ 7.0 వచ్చేదాకా దీనివల్ల పెద్ద నష్టం లేదు, పారామీటర్ల (ఫంక్షన్ తీసుకునే విలువల) ముందు ఈ టైపులు రాసే వీలే లేదు కాబట్టి ఆ పేరు చదువుకోవడానికి మాత్రమే. 7.0 తర్వాత అదే పేరు కోడ్‌లో రాయాల్సి వచ్చింది. మాన్యువల్‌లో బూలియన్ అని చూసినవాళ్లు పారామీటర్ ముందు అదే రాస్తారు, పీహెచ్‌పీ దాన్ని ఏదో క్లాస్ (ప్రోగ్రామర్ సొంతంగా తయారుచేసుకునే టైపు) పేరనుకుంటుంది, ట్రూ పంపితే బూలియన్ కావాలి, బూల్ ఇచ్చావు అని ఎర్రర్ వస్తుంది! కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ లైన్ చూసి ఏం అర్థం చేసుకోవాలి? పైగా విలువని ఒక టైపు నుంచి ఇంకో టైపుకి మార్చే క్యాస్ట్‌లో అదే బూలియన్‌ని ఏళ్లపాటు మారుమాట లేకుండా ఒప్పుకుంది. 8.0 నుంచి మాత్రం పారామీటర్ ముందు బూలియన్ రాస్తే 'మీరు బూల్ అనుకున్నారా' అని ముందే వార్నింగ్ ఇస్తోంది, అది నిజంగా మేలు.

విలువ టైపు పేరు చెప్పే గెట్‌టైప్ ఫంక్షన్ ఇంకో తలనొప్పి. దశాంశ సంఖ్య ఇస్తే ఫ్లోట్ అనదు, డబుల్ అంటుంది, చారిత్రక కారణాల వల్ల అని మాన్యువలే రాసుకుంది. అదే విలువని వార్‌డంప్ (విలువని టైపుతో సహా చూపే ఫంక్షన్) చేస్తే ఫ్లోట్. పాత కోడ్ విరిగిపోతుందని మార్చలేదేమో, అది ఒప్పుకుంటాను. 8.0లో వచ్చిన గెట్_డీబగ్_టైప్ మనం డిక్లరేషన్‌లో రాసే పేర్లే ఇస్తుంది, లాగ్‌లకి నేను అదే వాడుతున్నాను.

ఇప్పుడు మాన్యువల్‌లో ఫంక్షన్ సిగ్నేచర్లలో (ఫంక్షన్ పేరు, పారామీటర్లు చూపే లైన్లలో) ఇంట్, బూల్, ఫ్లోట్ అని ఒకే తీరులో కనిపిస్తున్నాయి. ఆ పని చేసినవాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ పేజీల అడుగున యూజర్లు రాసిన పాత నోట్స్ వల్ల: పాత పేర్లతో ఉన్న కోడ్ అక్కడ ఇంకా ఉంది, కొత్తవాళ్లు ముందు కాపీ చేసేది దాన్నే.