భావాలు–అవసరాల కార్డులు: ఇంట్లో మాటతీరు మార్చడానికి పనికొస్తాయా?

అమెరికన్ మనస్తత్వవేత్త మార్షల్ రోజెన్‌బర్గ్ 1960లలో మొదలుపెట్టిన అహింసాత్మక సంభాషణ, అంటే ఎదుటివాళ్లని నిందించకుండా మన మాట చెప్పే పద్ధతి, మీద ఆధారపడిన కార్డులివి. ఒక కట్టలో భావాలు, ఇంకో కట్టలో అవసరాలు. జరిగింది చెప్పాలి, కలిగిన భావం కార్డు తీయాలి, దాని వెనకున్న అవసరం చూపాలి, చివర్లో ఒక కోరిక అడగాలి.

తడబాటంతా మొదటి మెట్టులోనే. “నువ్వెప్పుడూ ఆలస్యమే” అనేది తీర్పు. “ఈ వారం మూడు రోజులు తొమ్మిది దాటాక వచ్చావు” అనేది జరిగిన సంగతి. మొదటి మాటకి “ఎప్పుడూనా? మొన్న త్వరగా రాలేదా?” అని వాదన లేస్తుంది. రెండోదానికి ఆ సందు ఉండదు.

కొనేముందు భావాల కట్ట తిరగేయండి. ‘మోసపోయాను’, ‘నన్ను లెక్కచేయలేదు’ లాంటివి ఉంటే పక్కన తీసేయండి. వాటిలో ఎదుటివాళ్ల మీద నింద దాగి ఉంటుంది. దిగులు, భయం, అలసట, చిరాకు లాంటివి ఉండాలి.

ఇంగ్లిషు కట్టలు నాయనమ్మలున్న ఇంట్లో సాగవు. మందపాటి అట్టమీద తెలుగులో రాసుకోవడమే నయం, పాతిక మాటలు చాలు. చిన్నపిల్లలకైతే పది. కోపం నషాళానికి అంటినప్పుడు మాత్రం తీయకండి, ఎగతాళి చేస్తున్నట్టు ఉంటుంది. అన్నాలయ్యాక మేలు. అడిగినదానికి “కుదరదు” అంటే ఒప్పుకోగలగాలి, లేకపోతే అది కోరిక కాదు, ఆజ్ఞే.