వేక్‌బోర్డ్ బోటులో ఎంత నీళ్ల బరువు వేయాలి: వశిష్ఠ పాయలో చాలాకాలం వాడాక

వేక్‌బోర్డింగ్ అంటే బోటు వెనక తాడు పట్టుకుని, పలక మీద నిలబడి, బోటు లేపే అల మీద జారడం, ఎగరడం. ఆ అల పెద్దదవ్వాలనే బోటులో నీళ్ల సంచులు పెట్టి బరువు పెంచుతారు. మొదటే చెప్పేస్తున్నా, ఆ సంచులు పట్టినంత నింపేస్తే అల బాగా లేస్తుందనే లెక్క మన గోదావరిలో పనిచేయదు. దిండి వైపు వశిష్ఠ పాయలో మా 21 అడుగుల ఇన్‌బోర్డ్ (ఇంజన్ బోటు లోపలే ఉండే) బోటును చాలాకాలంగా వాడుతున్నాం. వెనక ఇంజన్‌కి చెరోపక్క ఒకటి, ముందు సీట్ల దగ్గర ఒకటి, మొత్తం మూడు సంచులు. ఒక్కోదాంట్లో 180 లీటర్లు, అంటే 180 కిలోలు.

ముందు మనుషుల్ని లెక్కపెట్టుకుని, తర్వాతే పంపు వేయాలి. నడిపేవాడు, వెనక తాడు మీద ఉన్నవాణ్ని కనిపెట్టుకునేవాడు, ఇంకొకరు, ఇంతే ఉంటే మూడూ నింపుతాం. ఐదారుగురు ఎక్కితే ముందు సంచి ఖాళీ, దాని బదులు ఇద్దరు ముందుకెళ్లి కూర్చుంటారు. ఇంకా జనం వస్తే వెనకవి కూడా పూర్తిగా తోడేస్తాం, సగం సగం ఉంచం, ఎందుకంటే సగం నిండిన సంచిలో నీళ్లు మలుపులో ఒక పక్కకే పరిగెత్తి బోటును ఇంకా వంచుతాయి. బోటు ప్లేటు మీద రాసిన గరిష్ఠ బరువులో మనుషులు, సామాను, మనం అదనంగా పోసుకున్న నీళ్లు అన్నీ కలిసే లెక్క, దీన్ని మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

వెనక బరువు ఎక్కువైతే అల నిటారుగా, ఎత్తుగా లేస్తుంది. ముందు కూడా వేస్తే కాస్త పొడుగ్గా, నెమ్మదిగా ఎక్కే అల వస్తుంది. అయితే మా దగ్గర ముందు సంచి అల కోసం కంటే చూపు కోసం ఎక్కువ అవసరం. వెనక మాత్రమే నింపితే బయల్దేరేటప్పుడు ముక్కు పైకి లేచి ఎదురుగా ఏముందో కనపడదు, మన పాయల్లో ఎక్కడ వల వేసుంటుందో, ఎక్కడ చిన్న నావ అడ్డొస్తుందో తెలియదు కదా.

ఇక అసలు విషయం లోతు. నీళ్లు మూడు మీటర్లకు తగ్గితే అల మెత్తబడిపోతుంది, అప్పుడు ఇంకో సంచి నింపినా ఒరిగేదేం లేదు, బోటు ఇంకా దిగి ప్రొపెల్లర్ ఇసుకకి దగ్గరవుతుంది, అంతే. ప్రతి వరదకీ మేటలు చోటు మార్చుకుంటాయి కాబట్టి పోయినేడాది దారి ఈ ఏడాది ఉండదు. అందుకే పోటు మీదున్నప్పుడే పూర్తి బరువుతో వెళ్తాం, పాటు మొదలవగానే సంచుల్లో నీళ్లు వదిలేస్తాం.

బరువు పెంచాక అల పై అంచు తెల్లగా నురగకట్టి విరుగుతుంటే వేగం ఒకటి రెండు కిలోమీటర్లు పెంచి చూడండి, శుభ్రపడుతుంది. మేం 34, 35 దగ్గర నడుపుతాం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ వేగం టెన్షన్, వాళ్లకి సంచులే అక్కర్లేదు, 27, 28 చాలు. పెట్రోలు ఎక్కువ తాగుతుందని వేరే చెప్పనక్కర్లేదనుకుంటా.

పంపు గంటకు 3000 లీటర్లది. కాగితం మీద ఒక సంచికి నాలుగు నిమిషాలు, కానీ పైపు వంపుల వల్ల అంతకంటే ఎక్కువే పడుతుంది. ఎర్రనీళ్ల రోజుల్లో సంచులు నింపొద్దు, బురద లోపలే పేరుకుంటుంది, పంపు రబ్బరు రెక్కలు అరిగిపోతాయి. వేసవిలో ధవళేశ్వరం గేట్లు మూసున్నప్పుడు ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఉప్పునీరు బరువెక్కువ కదా అని కొందరు లెక్కలేస్తారు, అచ్చంగా సముద్రపు నీరైనా ఒక సంచికి నాలుగైదు కిలోలే తేడా. భయపడాల్సింది తుప్పు గురించి. ఒడ్డుకొచ్చాక ఇంజన్‌నీ, పంపునీ, సంచుల్నీ మంచినీళ్లతో కడిగి తీరాలి.

కొత్తగా కొనేవాళ్లు ఇదే సైజు బోటుకి వెనక 340 కిలోల సంచులు తీసుకోకండి, వాటిని మన లోతుల్లో నిండుగా వాడే సందర్భం దాదాపు రాదు. వేక్‌సర్ఫింగ్ (తాడు వదిలేసి బోటు అల మీదే జారడం) కోసమైతే అంత బరువు కావాలి నిజమే, కానీ 17, 18 వేగంలో లేచే ఆ పెద్ద అల నేరుగా వెళ్లి లంక గట్టుని కొడుతుంది. అసలే ఏటా కోతకి కొబ్బరి తోటలు నదిలో కలిసిపోతున్నాయి. మేం ఇక్కడ అది చేయం, ఎవరడిగినా వద్దనే చెప్తాను.