ఎమ్మెస్-డాస్ 6.22 స్టార్టప్ మెనూ: పాత 486కి ఇంతకంటే మంచి సదుపాయం లేదు

మా ఇంట్లో 486 (ఆ ప్రాసెసర్ ఉన్న పాత పీసీ) ఇంకా నడుస్తోంది, అందులో ఉన్నది మైక్రోసాఫ్ట్ పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎమ్మెస్-డాస్. ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ ప్రోగ్రాములో రాసుకున్న పాత లెక్కలు, నాకిష్టమైన డాస్ గేములు అన్నీ అందులోనే ఉన్నాయి. 1993లో డాస్ 6.0తో వచ్చిన ఈ స్టార్టప్ మెనూ (మెషీన్ ఆన్ చేయగానే ఏ సెట్టింగులతో మొదలవ్వాలో అడిగేది) లేకపోతే రెండూ ఒకే మెషీన్లో ఇంత హాయిగా ఉండేవి కావు.

గొడవంతా డాస్ ప్రోగ్రాములు మామూలుగా వాడుకోగల 640 కేబీ మెమరీ దగ్గరే. సీడీ డ్రైవర్, ఎంఎస్‌సీడెక్స్ (సీడీని డాస్‌కి ఒక డ్రైవ్‌గా చూపించేది), మౌస్ అన్నీ లోడ్ చేస్తే పెద్ద గేముకు మెమరీ చాలదు. ఒక గేముకు ఈఎంఎస్ (640 కేబీకి బయటి అదనపు మెమరీ) కావాలి, ఇంకోటి దాన్ని ఇచ్చే ఈఎంఎం386 డ్రైవర్ ఉంటే అసలు మొదలే కాదు. అంతకుముందు ఒక్కోదానికి ఒక్కో బూట్ ఫ్లాపీ పెట్టుకునేవాళ్లం.

ఇప్పుడు కాన్ఫిగ్.సిస్ (బూట్ అయ్యేటప్పుడు డ్రైవర్లను లోడ్ చేసే ఫైలు) పైన మెనూ బ్లాక్ ఒకటి, కింద ఒక్కో ఐటమ్‌కి దాని పేరుతోనే ఒక బ్లాక్ రాస్తే చాలు. హైమెమ్ అనే మెమరీ డ్రైవర్ లాంటివి, అంటే అన్ని ఐటమ్‌లకీ కావాల్సినవి, కామన్ బ్లాక్‌లో పెడతాను. మెనూడిఫాల్ట్‌లో లెక్కల ఐటమ్ పేరు, కామా, 10 అని ఇచ్చాను. పది సెకన్లలో ఏమీ నొక్కకపోతే అదే మొదలవుతుంది. మెనూకలర్ 15,1 ఇస్తే నీలం మీద తెల్లక్షరాలు, చూడ్డానికి ఎంత బాగుంటుందో!

నాకు బాగా నచ్చింది మాత్రం కాన్ఫిగ్ అనే వేరియబుల్. మనం ఎంచుకున్న ఐటమ్ పేరు అందులో ఉంటుంది. కాన్ఫిగ్.సిస్ తర్వాత నడిచే కమాండ్ల ఫైలు ఆటోఎక్సెక్.బ్యాట్‌లో 'గోటు %కాన్ఫిగ్%' అని ఒక్క లైను రాస్తే నేరుగా ఆ లేబుల్‌కే వెళ్తుంది. ఒక్కో భాగం చివర 'గోటు ఎండ్' తప్పకుండా ఉండాలి, లేకపోతే కింది భాగం కూడా నడిచిపోతుంది. కాన్ఫిగ్.సిస్ చివర ఖాళీ కామన్ బ్లాక్ ఇంకొకటి కూడా పెట్టండి. కొత్త ప్రోగ్రాముల ఇన్‌స్టాలర్లు తమ లైన్లను ఫైలు చివరే చేరుస్తాయి. ఆ బ్లాక్ లేకపోతే అవి ఆఖరి ఐటమ్‌కే పరిమితమైపోతాయి.

లోటు చెప్పాలంటే మెమ్‌మేకర్, అంటే మెమరీని తనంతట తానే సర్దే డాస్ ప్రోగ్రాము. ఈ మెనూతో దానికి నేరుగా పొసగదు, ఏ డ్రైవర్ ఎక్కడికి వెళ్లాలో 'మెమ్ /సి' (ఏది ఎంత మెమరీ తీసుకుందో చూపే కమాండ్) చూసుకుంటూ నేను చేత్తోనే సర్దుకుంటాను. ఒక మెనూలో తొమ్మిది ఐటమ్‌లే పడతాయి గానీ సబ్‌మెనూ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

డాస్‌బాక్స్ (ఇప్పటి కంప్యూటర్లలో డాస్‌ని అనుకరించే ప్రోగ్రాము) వాడేవాళ్లకు ఇది పనికిరాదు, అది కాన్ఫిగ్.సిస్ చదవదు. అసలు మెషీన్ ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా పెట్టుకోండి. ఎక్కడైనా ఆగిపోతే ఎఫ్8 నొక్కి ఒక్కో లైనూ చూసుకుంటూ వెళ్లొచ్చు, ఎఫ్5 నొక్కితే రెండు ఫైళ్లనూ వదిలేసి బూట్ అవుతుంది.