హంపికి ఒక్కదాన్నే

యాభై దాటిన ఆడది ఒక్కతే ఊరెళ్తానంటే ఇంట్లోవాళ్ళు ముందు అడిగేది "ఏమైంది, ఎవరైనా ఏమైనా అన్నారా?" అని. ఎవరూ ఏమీ అనలేదు. నాకు సెలవు దొరికింది, మావారికి దొరకలేదు, అంతే. గుంటూరులో రాత్రి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే హోసపేటలో దిగొచ్చు. హంపి అక్కణ్ణుంచి 13 కిలోమీటర్లు.

హోసపేటలో ముందే బుక్ చేసుకున్న లాడ్జిలో రిసెప్షన్ కుర్రాడు నా ఆధార్ కార్డు చూసి, వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూశాడు. సింగిల్ లేడీస్‌కి ఇవ్వరట. గట్టిగా అడిగితే, "పోనీ మీ సార్‌తో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించండి మేడమ్" అన్నాడు. ఆఫీసులో లక్షల బిల్లులు నా సంతకంతో పాసవుతాయి. ఇక్కడ గది తాళానికి మావారి మాట కావాలట! డబ్బులు వెనక్కి తీసుకుని ఆటో ఎక్కాను. అందుకే చెప్తున్నా, బుక్ చేసేముందు ఫోన్ చేసి "ఒక్కదాన్నే వస్తున్నాను" అని చెప్పండి. తడబడితే ఆ లాడ్జి వదిలేయండి.

హంపి పక్కనే ఉన్న కమలాపురంలో కర్ణాటక టూరిజం వాళ్ళ హోటల్ మయూర భువనేశ్వరి ఉంది. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. మ్యూజియం, రాజప్రాసాదాల వైపు తిరగడానికి అదే సుఖం. పొద్దున లేచి విరూపాక్షుడి గుడికి నడిచి వెళ్ళాలనుకుంటే మాత్రం హంపి ఊళ్ళోని హోమ్‌స్టేలు మేలు. గదులు చిన్నవి, ఇంటివాళ్ళు పక్కనే ఉంటారు కాబట్టి టెన్షన్ ఉండదు. భాష గురించి బెంగే అక్కర్లేదు. హోసపేట చుట్టుపక్కల తెలుగు అర్థంకాని ఆటోవాలా నాకు తగల్లేదు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరికితే వదలొద్దు.

విఠలాలయానికి బ్యాటరీ బండిలో తీసుకెళ్తారు. యాభై రూపాయల నోటు మీద ఉన్న రాతిరథం అక్కడిదే. రథం ముందు సెల్ఫీల కోసం జనం క్యూ కట్టి ఉంటారు, ఎండ మాడ్చేస్తుంది. చూడాల్సిందే గానీ, నా మనసు అక్కడ నిలవలేదు. ఆ టికెట్టే అదే రోజు రాణీవాసపు జనానా ప్రాంగణానికీ, మ్యూజియానికీ చెల్లుతుంది, పారేయకండి.

నేను ఆగిపోయింది హజారరామాలయంలో. గోడల మీద రామాయణమంతా వరసలు వరసలుగా చెక్కారు. ఓ చోట రాముడు విల్లు వంచి నిలబడ్డాడు, ఎదురుగా ఏడు మద్దిచెట్లు. సుగ్రీవుడికి నమ్మకం కుదరడానికి పెట్టిన పరీక్ష. చెట్లు ఒక్కొక్కటీ ఒక్కో రకంగా ఉన్నట్టు తోచి, ఆకుల చెక్కడం పోల్చి చూసుకుంటూ నిలబడిపోయాను. తర్వాత బయటి ప్రాకారం చుట్టూ తిరిగాను: ఏనుగులు, గుర్రాలు, నాట్యగత్తెలు. మళ్ళీ లోపలికెళ్ళి మొదట్నుంచీ చూశాను. గైడ్ల వెంట వచ్చిన గుంపులు వస్తున్నాయి, పోతున్నాయి.

ఇంతకాలం ఏ గుడికెళ్ళినా చెప్పుల దగ్గర కాపలా నేనే, నీళ్ళ సీసాలు నా సంచిలోనే, "ఇక పదండి, బస్సు వెళ్ళిపోతుంది" అనేదీ నేనే. నాకు ఓపిక తక్కువ, శిల్పాలూ అవీ పట్టవు అని ఇంట్లో అందరికీ ఓ అభిప్రాయం. నాకూ అదే ఉండేది. తొందరంతా వాళ్ళ కోసం పడ్డదే. మతంగ కొండ మీద సూర్యోదయం చూడకపోతే హంపి చూసినట్టే కాదంటారు. చీకట్లో ఒంటరిగా ఆ కొండెక్కడం క్షేమం కాదు, అది ఒక కారణం. అసలు కారణం, నాకు తెల్లవారుజామున లేవడం ఇష్టం లేదు. ముప్పై ఏళ్ళుగా లేస్తున్నాను కాబట్టి ఇష్టమే అనుకున్నారు.

ఆనెగొందికి తళారిగట్టు దగ్గర తుంగభద్ర దాటాలి. డ్యామ్ నుంచి నీళ్ళు వదిలితే పడవలు ఆపేస్తారు, అప్పుడు బుక్కసాగరం వంతెన మీదుగా చుట్టు తిరగాలి. ఏరు దాటితే వరిచేలు, అరటితోటలు, అరటినారతో బుట్టలు అల్లే ఆడవాళ్ళు. కిష్కింధ ఇదేనని ఊరంతా చెప్తుంది. హనుమంతుడు పుట్టాడని చెప్పే అంజనాద్రి కొండకు మెట్లు 575, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి. ఇంకొక మాట. ఆనెగొంది దగ్గరి సానాపూర్ కాలువ గట్టు మీద 2025 మార్చిలో రాత్రిపూట పర్యాటకుల మీద దాడి చేసి, ఆడవాళ్ళ మీద అత్యాచారం చేసిన ఘోరం పేపర్లో చదివినవాళ్ళమే. ఊరికి దూరంగా ఉన్న రిసార్టులు ఎంత చవకైనా, ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకు నేను చెప్పను. ఊరి మధ్య ఇల్లు తీసుకుని, పొద్దుగూకేలోపు చేరుకోండి.

వచ్చే శీతాకాలం అదే రైల్లో గదగ్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి బాదామి అనుకుంటున్నాను. మావారు "నేనూ రానా?" అన్నారు. రండి, కానీ మీ నీళ్ళ సీసా మీరే మోసుకోవాలి, గుహల దగ్గర నన్ను తొందరపెట్టకూడదు అన్నాను. ఆలోచించి చెప్తానన్నారు.