తాగుడు తగ్గాలంటే: డాక్టర్ మందలింపా, నాలుగు కౌన్సెలింగ్ సిట్టింగులా?

"డాక్టర్ గారితో గట్టిగా ఒక మాట చెప్పిస్తే చాలదా అండీ, కౌన్సెలింగ్ దాకా వెళ్ళాలా?" తాగే మగవాళ్ళ ఇళ్ళ నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది.

డాక్టర్ మాటను తీసిపారేయలేం. ఓపీలో బీపీ చూస్తూ "ఇది తాగుడు వల్లే, తగ్గించు" అంటే భయపడి తగ్గించేవాళ్ళు ఉన్నారు. ఇంగ్లండ్‌లో చేసి 2013లో ప్రచురించిన పరిశీలనలో కరపత్రం, 5 నిమిషాల సలహా, 20 నిమిషాల కౌన్సెలింగ్ ఇంచుమించు ఒకే ఫలితం ఇచ్చాయి. ఎక్కువసేపు మాట్లాడినంత మాత్రాన ఒరిగేదేమీ లేదన్నమాట.

అయినా నా ఓటు సిట్టింగులకే. అసలు బలం నిమిషాల్లో కాదు, మనిషి మళ్ళీ రావడంలో ఉంది. మొదటిసారి తాగుడు లెక్క తేలుతుంది. తర్వాత అసలు పని: శనివారం కూలి డబ్బులు చేతిలో పడగానే పిలిచేదెవరు? "ఒక్క క్వార్టరే మావా" అంటే ఏం చెప్పాలి? ఆ జవాబు అక్కడే పైకి అనిపిస్తారు. వారం తిరిగి వచ్చాక ఎక్కడ జారాడో చూసి, ఆ ఒక్కచోటే మళ్ళీ సరిచేస్తారు. యాభైమంది క్యూలో ఉన్న ఓపీలో ఇది కుదిరే పనేనా?

గోవా పీహెచ్‌సీల్లో జరిగిన ఒక పరిశీలనలో ఈ పని చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. తాగుడు ఎంత ముదిరిందో కొలిచే 'ఆడిట్' (AUDIT) ప్రశ్నల్లో 12 నుంచి 19 స్కోరు వచ్చిన మగవాళ్ళకు గరిష్ఠంగా 4 సిట్టింగులు. మూడు నెలలకు, అంతకుముందు రెండు వారాల్లో చుక్క ముట్టనివాళ్ళు 42 శాతం. మామూలు వైద్యం అందినవాళ్ళలో 18 శాతమే. 2017లో వచ్చిన ఫలితాలివి. తాగడం ఆపనివాళ్ళలో మాత్రం రోజువారీ మోతాదు పెద్దగా తగ్గలేదు, అదీ చెప్పాలి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే బృందం) మీటింగులు దగ్గర్లో ఉంటే వెళ్ళొచ్చు, నష్టం లేదు. తెలియకుండా కూరలో మాత్ర కలపడం మాత్రం వద్దే వద్దు. అది తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ అయితే, దాని మీద తాగినప్పుడు ప్రాణం మీదికి రావచ్చు.

పొద్దున్నే చేతులు వణికి, ఒక పెగ్గు పడితేగానీ కుదుటపడనివాళ్ళకు డాక్టర్ మాటా, సిట్టింగులూ రెండూ చాలవు. వాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి, సిట్టింగులు ఆ తర్వాత. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.